తిరాహ్ కొండల్లోకి వెళ్లిన సైన్యం, తిరిగొచ్చిన దారి

(చరిత్ర మీద ఆసక్తి ఉన్న మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసింది. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినిపిస్తోందా? సరే.

1897లో అఫ్గాన్ సరిహద్దు కొండల్లో జరిగిన యుద్ధం అనగానే మనలో చాలామందికి ఒకటే గుర్తొస్తుంది. సారాగఢీ. ఇరవై ఒక్కమంది సిక్కులు, చుట్టూ వేలమంది. ఇంగ్లండులో, స్కాట్లాండులో అడిగితే ఇంకొకటి చెబుతారు. దర్గాయ్ కొండ మీద కాళ్లకు తూటాలు తగిలినా బ్యాగ్‌పైప్ ఊదుతూ కూర్చున్న సైనికుడి కథ. రెండూ నిజంగా జరిగినవే. రెండూ కొన్ని గంటల్లో అయిపోయినవే. ఆ యుద్ధం మాత్రం నెలల తరబడి సాగింది. మరి మిగతా నెలల్లో ఏం జరిగింది? ముప్ఫై నాలుగు వేల పైచిలుకు సైన్యం ఆ కొండల్లోకి వెళ్లింది కదా, ఎలా వెళ్లింది, ఎలా బయటపడింది? ఈరోజు నేను చెప్పబోయేది అదే. వెళ్లిన దారి గురించి త్వరగా చెప్పేస్తాను. తిరిగొచ్చిన దారి దగ్గర మాత్రం కాస్త ఆగుతాను. అసలు కథ అక్కడే ఉంది.

ముందు ఆ చోటు ఎక్కడో చూద్దాం. పెషావర్ మీకు తెలుసు. దానికి పడమరగా ఖైబర్ కనుమ. ఖైబర్‌కు దక్షిణంగా, కొండల నడుమ ఎత్తైన మైదానాలు, లోయలు. అదే తిరాహ్. అక్కడ అఫ్రీదీలు, ఒరక్‌జాయ్‌లు అనే పఠాన్లు ఉంటారు. అఫ్రీదీల్లో ఎనిమిది తెగలు. వేసవిలో తిరాహ్‌లో పంటలు పండించుకుంటారు. చలికాలం రాగానే చాలామంది పశువుల్ని తోలుకుని కింద బారా, కజూరీ మైదానాలకు దిగుతారు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. పరాయివాడి కాలు తమ తిరాహ్ నేల మీద పడలేదని వాళ్లకు గర్వం. తిరాహ్‌కు పరదా ఉందని, దాన్ని ఎవరూ తొలగించలేదని చెప్పుకునేవాళ్లు. బ్రిటిష్‌వాళ్ల మ్యాపుల్లో కూడా ఆ ప్రాంతం చాలావరకు ఖాళీయే.

1893లో అఫ్గానిస్తాన్‌కు సరిహద్దుగా డ్యూరాండ్ గీత గీశారు. కాబూల్ అమీర్ అబ్దుర్ రహమాన్ ఒకవైపు, బ్రిటిష్ ఇండియా ఒకవైపు. తిరాహ్ బ్రిటిష్ వైపు పడింది. పడింది అంటే కాగితం మీద. అక్కడ కలెక్టరు లేడు, పోలీసు లేడు, శిస్తు లేదు. ఆ గీత గురించి అఫ్రీదీలను ఎవరైనా అడిగారా? ఎందుకడుగుతారండీ! అప్పటికే 1891లో సమానా కొండ మీద వరసగా కోటలు కట్టేశారు. ఆ కొండ మీద నిలబడితే ఒరక్‌జాయ్‌ల ఖాన్కీ లోయ మొత్తం కాళ్ల కింద కనిపిస్తుంది. మన ఇంటి గోడకు ఆనుకుని పక్కవాడు పోలీస్ ఠాణా కడితే ఎలా ఉంటుంది? దానికి తోడు ఉప్పు మీద పన్ను పెంచారు. అఫ్రీదీలకు ఇది పెద్ద ఫిర్యాదు. ఉప్పు పన్ను కోపం మనకు కొత్త కాదు కదా.

ఇక 1897 వేసవి. జూన్‌లో తోచీ లోయలోని మైజర్‌లో తిరుగుబాటు. జులై 26న మలాకండ్ మీద దాడి. ఆగస్టుకల్లా సరిహద్దు పొడుగునా నిప్పు పాకింది. ముల్లాలు ఊరూరా తిరిగి జిహాద్ అన్నారు. అఫ్రీదీల్లో సయ్యద్ అక్బర్ అనే ముల్లా మాట బాగా చెల్లింది. ఆ ఏడాదే తుర్కీ సుల్తాను గ్రీసు మీద గెలిచాడు. ఆ వార్త కొండల్లోకి చేరేసరికి ఎంత పెద్దదై ఉంటుందో ఊహించుకోండి. అమీర్ సాయం కూడా వస్తుందనుకున్నారు. మనుషుల్ని పంపితే ఆయన కుదరదు పొమ్మన్నాడు. అదీ కథ. అయితే కేవలం ముల్లాల మాటల వల్లే ఇదంతా జరిగిందంటే నేను ఒప్పుకోను. ఏళ్ల తరబడి ఒకదాని మీద ఒకటి పేరుకున్న కోపం అది. ముల్లాలు అగ్గిపుల్ల గీశారు, అంతే. కోహాట్ కనుమ దగ్గరుండే ఆదమ్ ఖేల్ అఫ్రీదీలు ఈ తిరుగుబాటులో కలవనే లేదు. జిహాదే కారణమైతే వాళ్లెందుకు ఇంట్లో కూర్చున్నారు?

ఆగస్టు 23న ఖైబర్ కోటల మీద పడ్డారు. అలీ మస్జిద్ పోయింది, ఫోర్ట్ మాడ్ పోయింది. 25న లండీ కోటల్ పోయింది. ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఆ కోటల్ని కాపాడుతున్నది ఎవరు? ఖైబర్ రైఫిల్స్. వాళ్లు ఎవరు? వాళ్లలోనూ ఎక్కువమంది అఫ్రీదీలే. లండీ కోటల్‌లో సుబేదార్ ముర్సిల్ ఖాన్ అనే ఆయన తన సొంత ప్రాంతం మనుషుల మీదే తుపాకీ పట్టి, పోరాడి చనిపోయాడు. పెషావర్ కంటోన్మెంటులో వేల సంఖ్యలో సైన్యం ఉంది. లండీ కోటల్‌కు ఒక్క పటాలం కూడా కదలలేదు. ఖైబర్‌ను తెరిచి ఉంచినందుకు అఫ్రీదీలకు ఏటా డబ్బు ఇస్తున్నాం కదా, వాళ్లే చూసుకుంటారన్నట్టు ఉండిపోయారు. ఇలాంటి లెక్క చేసిన అధికారులెవరూ ఆ కోట లోపల లేరు. ఉన్నది ముర్సిల్ ఖాన్.

సెప్టెంబర్ 12న సారాగఢీ. అందరికీ తెలిసిందే కాబట్టి రెండు మాటలు చాలు. సమానా కొండ మీద లాక్‌హార్ట్ కోటకూ గులిస్తాన్ కోటకూ మధ్య ఒక చిన్న సిగ్నల్ పోస్టు అది. ఈ కోట నుంచి ఆ కోట కనపడదు. అద్దంతో ఎండను మెరిపించి కబురు పంపే హీలియోగ్రాఫ్ అక్కడ ఉండేది. 36వ సిక్కు పటాలం హవల్దార్ ఈశర్ సింగ్, ఇంకో ఇరవైమంది. పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం దాటేదాకా నిలబడ్డారు. సిగ్నలర్ గురుముఖ్ సింగ్ చివరిదాకా జరుగుతున్నదంతా మెరుపుల్లో చెబుతూనే ఉన్నాడు. ఇక అద్దం మూసి తుపాకీ పట్టుకోవచ్చా అని అనుమతి అడిగాడు. లాక్‌హార్ట్ కోట నుంచి కర్నల్ హాటన్ అది చూస్తున్నాడు. చూడటం తప్ప చేయగలిగింది లేదు. ఈ హాటన్ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాడు. ఇరవై ఒక్కమందికీ ఇండియన్ ఆర్డర్ ఆఫ్ మెరిట్ ఇచ్చారు. విక్టోరియా క్రాస్ ఎందుకు ఇవ్వలేదు? భారతీయ సైనికుడికి 1911 దాకా ఆ పతకానికి అర్హతే లేదు. ఆ పోస్టులో సైనికుడు కాని ఒక పనివాడు కూడా చనిపోయాడని చెబుతారు. అతనికి ఏ పతకమూ లేదు. సైనికుడు కాదు కదా!

దర్గాయ్ ఎందుకు రెండుసార్లు ఎక్కారు

ఇప్పుడు అసలు దండయాత్ర. సర్ విలియం లాక్‌హార్ట్ నాయకుడు. కోట పేరూ ఈయన పేరూ ఒకటే, ఆ కోటకు ఈయన పేరే పెట్టారు. తిరాహ్‌లోకి వెళ్లి, అఫ్రీదీలను, ఒరక్‌జాయ్‌లను వాళ్ల ఇళ్ల దగ్గరే శిక్షించి రావాలి, ఆ పరదా తొలగించాలి అన్నది నిర్ణయం. సైనికులు ముప్ఫై నాలుగు వేల పైచిలుకు. వాళ్ల వెంట అనుచరులు ఎంతమంది? ఇరవై వేల దాకా. అనుచరులంటే ఎవరు? కంచరగాడిదలు తోలేవాళ్లు, ఒంటెలవాళ్లు, వంటవాళ్లు, నీళ్లు మోసే భిస్తీలు, గాయపడినవాళ్లను డోలీల్లో మోసే కహార్లు, ఊడ్చేవాళ్లు. తుపాకీ లేనివాళ్లు. ప్రతి ముగ్గురు నలుగురు సైనికులకు ఇద్దరు ఇలాంటివాళ్లు.

రైలు ఎక్కడిదాకా ఉంది? సింధు నది ఒడ్డున ఖుషాల్‌గఢ్ దాకా. అక్కడి నుంచి కోహాట్ దాదాపు యాభై కిలోమీటర్లు. కోహాట్ నుంచి షినవారీ. ఆ తర్వాత రోడ్డు లేదు, దారి మాత్రమే. మరి ఈ యాభై వేలమంది తిండి, మందుగుండు, దుప్పట్లు, గుడారాలు ఎలా వెళ్లాలి? జంతువుల వీపుల మీద. మలాకండ్‌లో, తోచీలో కూడా అదే సమయానికి యుద్ధం జరుగుతోంది కాబట్టి మంచి కంచరగాడిదలన్నీ అప్పటికే వాడేశారు. ఇక పంజాబు అంతా గాలించి దొరికిన తట్టువనీ, దొరికిన గాడిదనూ, దొరికిన ఒంటెనూ పోగు చేశారు. వాటితో పాటు తోలేవాళ్లనూ. గ్వాలియర్, జైపూర్ సంస్థానాలు తమ రవాణా దళాలను పంపాయి.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాం. సెల్ ఫోన్ తియ్యక్కర్లేదు. కొండదారిలో జంతువులు ఒకదాని వెనక ఒకటే వెళ్లాలి. ఒక్కోదానికి మూడు గజాల చోటు వేసుకోండి. పది వేల జంతువులంటే ముప్ఫై వేల గజాలు. అంటే ఇరవై ఏడు కిలోమీటర్లు. ముందున్న గాడిద బసకు చేరి గడ్డి తింటుంటే, వెనకున్నది పొద్దున బయల్దేరిన చోట ఇంకా కదలనే లేదు. ఈ ఇరవై ఏడు కిలోమీటర్ల తోకను ఎవరు కాపాడాలి? తిరాహ్ యుద్ధం మొత్తం ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది.

షినవారీ నుంచి ఖాన్కీ లోయలోకి దిగాలంటే చాగ్రూ కోటల్ అనే కనుమ దాటాలి. దాన్ని పైనుంచి చూస్తున్నది దర్గాయ్ కొండ. అక్టోబర్ 18న గూర్ఖాలు, కింగ్స్ ఓన్ స్కాటిష్ బోర్డరర్స్ దాన్ని ఎక్కి పట్టుకున్నారు. పెద్ద నష్టం లేదు. సాయంత్రం ఏం చేశారు? వదిలేసి దిగిపోయారు! పైన నీళ్లు లేవు, సరుకులు లేవు, కింద లోయలో నుంచి వేలమంది పఠాన్లు తిరుగుదారి మీదకు వస్తున్నారు. దిగుతున్నప్పుడే వాళ్లు వెంటపడ్డారు. ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడే ఎక్కువ దెబ్బతిన్నారు. ఇది మొదటి పాఠం. నేర్చుకున్నారా? చూద్దాం.

రెండు రోజుల తర్వాత, 20న, అదే కొండను మళ్లీ పట్టుకోవాలి. ఈసారి పైన వేలమంది కాచుకుని ఉన్నారు, రాళ్లు పేర్చి సంగర్‌లు కట్టుకుని. కొండ కిందికి చేరాలంటే చాటులేని ఒక చిన్న వాలు దాటాలి. గట్టిగా పరిగెడితే ఒక నిమిషం పని. ముందు గూర్ఖాలు పరిగెత్తారు, కొందరు దాటారు, చాలామంది పడిపోయారు. డోర్సెట్‌లు అనే ఇంగ్లీషు పటాలంవాళ్లు ప్రయత్నించారు. డెర్బీషైర్‌వాళ్లు ప్రయత్నించారు. ఆ వాలు మీద మనుషులు పడుతూనే ఉన్నారు. మధ్యాహ్నం మూడింటప్పుడు స్కాట్లాండు పటాలం గోర్డన్ హైలాండర్స్‌ను పిలిచారు. కర్నల్ మథియాస్ కొండను ఎలాగైనా పట్టుకోవాలన్నది జనరల్ ఆజ్ఞ అని చెప్పి, గోర్డన్లు పట్టుకుంటారు అన్నాడు. పట్టుకున్నారు. వాళ్లతో పాటు సిక్కులు, మిగిలిన గూర్ఖాలు కూడా ఎక్కారు. పైపర్ జార్జ్ ఫిండ్లేటర్ కాళ్లకు తూటాలు తగిలాక బండకు ఆనుకుని ఊదుతూనే ఉన్నాడు. ఆయనకు విక్టోరియా క్రాస్ వచ్చింది. తర్వాత లండన్ మ్యూజిక్ హాళ్లలో డబ్బు తీసుకుని ఆ బాణీలు వాయిస్తే యుద్ధ శాఖవాళ్లకు తలవంపులుగా అనిపించి అభ్యంతరం పెట్టారు. పాపం, పెన్షను చాలకపోతే ఏం చేస్తాడు! ఆ ఒక్కరోజు చనిపోయినవాళ్లు, గాయపడినవాళ్లు కలిపి దాదాపు రెండు వందలమంది. రెండు రోజుల క్రితం తేలిగ్గా పట్టుకుని వదిలేసిన కొండ కోసం. బ్యాగ్‌పైప్ కథ అంత మోగిపోవడానికి ఇది కూడా ఒక కారణమని నా అనుమానం. ఆ శబ్దంలో ఈ ప్రశ్న వినపడదు.

అక్కడి నుంచి అంతా తేలికే. అక్టోబర్ 29న సంపాగా కనుమ. 31న అర్హంగా కనుమ. పెద్ద ప్రతిఘటన లేదు. అర్హంగా దిగితే ఎదురుగా తిరాహ్ మైదాన్. మెట్లుమెట్లుగా పొలాలు, అక్రోటు చెట్లు, చిన్న బురుజుల్లా మట్టీ రాయీ కలిపి కట్టిన ఇళ్లు. మనుషులు లేరు. ఇళ్లు వదిలేసి వెళ్లిపోయారు. పరదా తీశామని లాక్‌హార్ట్ ప్రకటించాడు. ఇక యుద్ధం అయిపోయినట్టే కదా?

అసలు అప్పుడే మొదలైంది. అఫ్రీదీలు సైన్యం వచ్చేటప్పుడు అడ్డుపడలేదు. రానిచ్చారు. వీళ్లు ఎక్కడికీ పోలేరని వాళ్లకు తెలుసు. చలి వస్తుంది, గడ్డి అయిపోతుంది, తిరిగి వెళ్లాలి. వెళ్లేటప్పుడు చూసుకుందాం అన్నది వాళ్ల లెక్క. ఈ అఫ్రీదీలు ఎవరనుకుంటున్నారు? చాలామంది బ్రిటిష్ ఇండియా సైన్యంలోనే పనిచేసి వచ్చినవాళ్లు. బ్యూగిల్ మోగితే దాని అర్థం తెలుసు. ఎప్పుడు ముందుకు నడుస్తారో, ఎప్పుడు వెనక్కి తగ్గుతారో తెలుసు. చేతుల్లో మార్టినీ హెన్రీ రైఫిళ్లున్నాయి. మన సిపాయిల చేతుల్లో ఉన్నవీ అవే. తెల్ల సైనికులకు మాత్రం కొత్త లీ మెట్‌ఫర్డ్‌లు, పొగ రాని మందుతో. సిపాయికి పాత తుపాకీ, ఒక్కసారి పేలిస్తే తెల్లటి పొగ లేచి ఎక్కడున్నాడో కొండ మీదవాడికి చెప్పేస్తుంది. కావాలనే అలా ఉంచారు. 1857 తర్వాత భారతీయ సిపాయి తుపాకీ ఎప్పుడూ తెల్లవాడి తుపాకీ కంటే ఒక తరం వెనకే ఉండాలన్నది విధానం.

ఫిరంగుల సంగతీ అంతే. కొండ ఫిరంగి గొట్టం రెండు ముక్కలు, మర తిప్పి కలుపుతారు. ఒక ఫిరంగి మొత్తం ఐదు కంచరగాడిదల మీద వెళ్తుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ రాళ్ల వెనక విడివిడిగా పడుకున్న పదిమంది మీద ఫిరంగి ఏం చేస్తుంది?

మైదాన్‌లో నవంబర్ నెలంతా ఏం చేశారు? జిర్గాలకు, అంటే తెగ పెద్దల సభలకు, షరతులు పంపారు. అఫ్రీదీలు ఎనిమిది వందల రైఫిళ్లు అప్పగించాలి, యాభై వేల రూపాయల జరిమానా కట్టాలి. ఒప్పుకునేదాకా ఊళ్లు తగలబెట్టారు. బురుజులను గన్‌కాటన్ అనే పేలుడు మందు పెట్టి పేల్చారు. ధాన్యం, గడ్డి తెచ్చుకున్నారు. వారాన్ లోయలో సయ్యద్ అక్బర్ ఇల్లు పడగొట్టారు. చలికాలం ముందు ఇంటి దూలాలు కాలిపోతే, గింజలు పోతే ఆ ఇంటివాళ్లు ఏం చేస్తారు? ఇందాక చెప్పాను గుర్తుందా, చలికాలంలో వాళ్లు మేతకు కజూరీ మైదానానికి దిగుతారని. ఈసారి అక్కడా సైన్యమే. అంటే పైన ఇల్లు లేదు, కింద చోటు లేదు. అధికారుల నివేదికల్లో దీన్ని శిక్ష అని రాశారు. ఆడవాళ్లు, పిల్లలు ఆ చలికాలం కొండల్లో ఎలా గడిపారో ఏ నివేదికా రాయలేదు.

ఒక్క గాయం, ఆరుగురు మనుషులు

నవంబర్ 9. సరన్ సర్ అనే కొండ. పైకి ఎక్కి అవతలి లోయ ఎలా ఉందో చూసి రావాలి. పొద్దున ఎక్కారు, పెద్దగా కాల్పులు లేవు, చూశారు. మధ్యాహ్నం దిగడం మొదలుపెట్టారు. అంతే, ఎక్కడున్నారో తెలియని అఫ్రీదీలు ఒక్కసారిగా మీదికొచ్చారు. నార్తాంప్టన్‌షైర్ పటాలంలో కొందరికి దెబ్బలు తగిలాయి. గాయపడినవాళ్లను మోసుకుంటూ దిగాలి. మోసుకుంటూ కొండ అంచు మీద దిగలేరు కాబట్టి ఒక వాగు పల్లంలోకి దిగారు. చీకటి పడింది. ఒక లెఫ్టినెంట్, అతనితో పన్నెండుమంది బసకు చేరలేదు. మర్నాడు వెళ్లి చూస్తే అందరూ చనిపోయి ఉన్నారు. వాళ్లు పారిపోవచ్చు. గాయపడినవాళ్లను వదలలేదు, అందుకే పోయారు.

డోలీ గురించి ఇక్కడ చెప్పాలి. మన మన్యంలో రోడ్డు లేని ఊళ్ల నుంచి గర్భిణిని డోలీలో మోసుకొచ్చారని ఇప్పటికీ వార్తలు చదువుతుంటాం. కర్రకు దుప్పటి కట్టి, ఇద్దరు మోస్తూ ఇద్దరు మార్చుకుంటూ. సైన్యం డోలీ ఇంకా బరువు. ఒకదానికి ఆరుగురు కహార్లు. తూటా ఒక మనిషికి తగిలితే ఆరుగురు మోయాలి, ఆ ఏడుగురినీ కాపాడటానికి ఇంకో పదిమంది ఆగాలి. వాళ్లలో ఇంకొకడికి తగిలితే? మళ్లీ ఆరుగురు. వెనక్కి తగ్గుతున్న సైన్యం నడక ఇలా తగ్గుతూ తగ్గుతూ ఆగిపోతుంది. అఫ్రీదీలకు ఇది బాగా తెలుసు. వాళ్ల గురి అందుకే ఎప్పుడూ చివరి దళం మీద. పైగా చచ్చినా బతికినా తమవాడిని వదిలి రాకూడదన్నది ఈ సైన్యం పట్టుదల. వదిలేస్తే ఏం జరుగుతుందో వాళ్లకు తెలుసు. ఆ ఆరుగురు కహార్లకు చేతిలో కర్ర తప్ప ఏమీ లేదు. గాయపడినవాణ్ణి కింద పెట్టి ఒక రాయి చాటుకు పోతే ప్రాణం దక్కుతుంది. చాలాసార్లు పెట్టలేదు.

డిసెంబర్ వచ్చింది. మంచు పడితే కనుమలు మూసుకుపోతాయి. బయటపడాలి. లాక్‌హార్ట్ సైన్యాన్ని రెండుగా చేశాడు. సైమన్స్ నడిపిన మొదటి డివిజను మస్తూరా లోయ గుండా వెళ్లింది. వాళ్లకు పెద్దగా ఇబ్బంది కాలేదు. రెండో డివిజను, లాక్‌హార్ట్ తనే వెంట ఉండి, ద్వాతోయ్ మీదుగా బారా నది లోయలో దిగింది. డిసెంబర్ 9 నుంచి 14 దాకా. ఆ ఐదారు రోజులు చూడండి.

బారా లోయలో దారి అంటే నది. నది ఒడ్డు ఇటు ఉంటే అటు దాటాలి, అటు కొండ వస్తే మళ్లీ ఇటు దాటాలి. మంచు కరిగిన నీళ్లు. ఒంటి మీద బట్ట తడిసి గట్టిపడుతుంది. రాత్రి గడ్డకట్టే చలి. పైన రెండు వైపులా కొండలు, కొండల మీద తుపాకులు. తోలేవాళ్లు ఎవరు? పంజాబు మైదానాల నుంచి పోగుచేసుకొచ్చిన మనుషులు, పల్చటి గుడ్డలు. జంతువు పడిపోతే దాని బరువు ఇంకోదాని మీదికి ఎక్కించాలి, లేదా వదిలేయాలి. పొద్దున పొగమంచు, దారి కనపడదు. వరిపొలాల మళ్లు బురద. జంతువులన్నీ ఒక్క రేవు దగ్గర కుక్కుకుని నిలబడిపోతాయి. చీకటి పడుతుంది. కొందరు తోలేవాళ్లు చలికి తట్టుకోలేక సరుకుల్లో ఉన్న రమ్ము పీపాలు పగలగొట్టి తాగారు. తాగినవాళ్లు ఆ మత్తులో చలికి అక్కడే పడిపోయారు. తెల్లారేసరికి చనిపోయి ఉన్నారు. యుద్ధంలో చనిపోయినవాళ్ల లెక్కలో వీళ్లు రారు.

13న వెస్ట్‌మాకాట్ బ్రిగేడు వెనక కాపలా. పొద్దున బస విప్పిన దగ్గర నుంచి అఫ్రీదీలు మీదమీదికి వచ్చారు. గోర్డన్లు, గూర్ఖాలు, సిక్కులు ఎవరికి ఎవరు కాపలా కాస్తున్నారో తెలియనంతగా కలిసిపోయారు. డోలీలు, గాడిదలు, తూటాలు మోసే ఒంటెలు అన్నీ కలగాపులగం. ఇక నడవలేక ఆ రాత్రి దొరికిన గుట్ట మీదే ఆగిపోయారు, తిండీ నీళ్లూ దుప్పటీ లేకుండా. మర్నాడు పెషావర్ వైపు నుంచి వచ్చిన దళం కనిపించింది. స్వైకోట్‌లో బయటపడ్డారు.

ఇప్పుడు చెప్పండి, ఇది విజయమా? లండన్‌కు పంపిన నివేదికలో విజయమే. ఊళ్లు కాల్చాం, పరదా తీశాం, వచ్చేశాం. అఫ్రీదీలు చూసింది ఏమిటి? సర్కారు సైన్యం రాత్రికి రాత్రి తడిగుడ్డలతో తమ లోయలో నుంచి పరుగెడుతూ వెళ్లిపోయింది. నా ఉద్దేశంలో రెండూ కొంత నిజం. అయితే ఇళ్లు పోయింది మాత్రం ఒకవైపువాళ్లకే.

మనవాళ్లెవరైనా అక్కడ ఉన్నారా అని ఇందాక టీ దగ్గర ఒకరు అడిగారు. ఉన్నారు. మద్రాస్ శాపర్స్ అండ్ మైనర్స్, 21వ మద్రాస్ పయనీర్స్ వెళ్లారు. రెండింటికీ తిరాహ్ పేరు యుద్ధ గౌరవాల్లో ఉంది. పయనీర్లు అంటే ఒక చేత తుపాకీ, ఒక చేత పార. దారులు తవ్వడం, రేవులు బాగుచేయడం, వంతెనలు వేయడం. శాపర్లు బురుజులు పేల్చడం కూడా. మద్రాసు సైన్యంలో తమిళులు, తెలుగువాళ్లు, ముస్లింలు, క్రైస్తవులు కలిసి ఉండేవాళ్లు. జనరల్ రాబర్ట్స్‌కు దక్షిణాదివాళ్లు యోధ జాతులు కారని గట్టి నమ్మకం. ఆ నమ్మకంతో మద్రాసు కాల్బలాన్ని తగ్గిస్తూ పోయారు. అదే సమయంలో తిరాహ్‌లో దారి తవ్వడానికి మాత్రం మద్రాసువాళ్లు కావాల్సొచ్చారు.

హైదరాబాదుకూ ఒక సంబంధం ఉంది. 1887లోనే నిజాం మహబూబ్ అలీ ఖాన్ వాయువ్య సరిహద్దు రక్షణకు అరవై లక్షల రూపాయలు ఇస్తానని ముందుకొచ్చాడు. రష్యా భయం అప్పుడు. ఆ మాట మీదే సంస్థానాలు తమ ఖర్చుతో సామ్రాజ్యం కోసం దళాలు పెంచే ఏర్పాటు మొదలైంది. ఇందాక చెప్పిన గ్వాలియర్, జైపూర్ రవాణా దళాలు ఆ ఏర్పాటు కిందే వచ్చాయి.

డబ్బు సంగతి వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. 1896-97 కరువు ఏళ్లు. దేశంలో పెద్ద భాగం కరువులో ఉంది. మద్రాసు రాష్ట్రంలో బళ్లారి, అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లో జనం సహాయ పనుల్లో రాళ్లు కొట్టుకుంటున్నారు. బొంబాయిలో, పూనాలో ప్లేగు. ఆ ఏడాదే కోట్ల రూపాయలు సరిహద్దు కొండల్లోకి పోయాయి. ఖర్చు ఎవరి ఖజానాది? భారత ఖజానాదే. డిసెంబరులో, సరిగ్గా బారా లోయలో నుంచి సైన్యం బయటపడిన నెలలోనే, కాంగ్రెస్ మహాసభ అమరావతిలో జరిగింది. మన అమరావతి కాదు, విదర్భలోది. అధ్యక్షుడు మద్రాసు నుంచి వెళ్లిన చేట్టూరు శంకరన్ నాయర్. సరిహద్దు దండయాత్రలు ప్రాణాలనూ ప్రజాధనాన్నీ వృథా చేస్తున్నాయని ఆ సభ తీర్మానం చేసింది. అప్పటి కాంగ్రెస్ చాలా మెత్తగా మాట్లాడేది. ఆ మెత్తదనంలోనే ఈ మాట అన్నారు.

ఇక మిగిలింది కొంచెమే. డిసెంబర్ చివర ఖైబర్‌ను తిరిగి పట్టుకున్నారు. అయినా అఫ్రీదీలు లొంగలేదు. 1898 జనవరి 29న షిన్ కమర్ దగ్గర, పశువుల్ని చుట్టుముట్టి పట్టుకోవాలని ఒక ప్రయత్నం. అక్కడ పశువులు లేవు. కొండ ఎక్కారు, దిగారు, దిగుతుండగా మళ్లీ అదే కథ. వెనక చిక్కుకున్నవాళ్లకు సాయంగా 36వ సిక్కులు వెళ్లారు. వాళ్ల కర్నల్ హాటన్, సారాగఢీని దూరం నుంచి చూసినవాడు, అక్కడే చనిపోయాడు. దర్గాయ్ నుంచి షిన్ కమర్ దాకా మూడు నెలలు గడిచాయి. ఎక్కడం వచ్చింది, దిగడం రాలేదు.

ఏప్రిల్‌కల్లా అఫ్రీదీలు రైఫిళ్లు, జరిమానా ఇచ్చుకున్నారు. చలికాలం గడిచింది, పొలాల్లో విత్తనం వేయాలి, ఎవరైనా ఎంతకాలం కొండల్లో ఉంటారు? చనిపోయినవాళ్లు, గాయపడినవాళ్లు కలిపి సైన్యం నష్టం సుమారు 1,150. అనుచరులు ఆ లెక్కలో లేరు. లాక్‌హార్ట్ ఆ ఏడాదే భారత సైన్యానికి కమాండర్ ఇన్ చీఫ్ అయ్యాడు, 1900లో పోయాడు.

1899 మొదట్లో వైస్రాయ్‌గా వచ్చిన కర్జన్ ఈ ఫైళ్లన్నీ చదివాడు. మామూలు సైన్యాన్ని ఆ కొండల్లో నుంచి చాలావరకు వెనక్కి పిలిచాడు. స్థానికుల మిలీషియాలకు ఆ పని అప్పగించాడు. 1901లో పంజాబు నుంచి విడదీసి వాయువ్య సరిహద్దు రాష్ట్రం ఏర్పాటు చేశాడు. సమస్య తీరిందా? 1908లో బజార్ లోయలోకి, జక్కా ఖేల్ అఫ్రీదీల మీదికి మళ్లీ ఒక దండయాత్ర పంపాల్సొచ్చింది. ఈసారి ఊళ్లో కూర్చోలేదు, త్వరగా వెళ్లి త్వరగా వచ్చేశారు.

నా టైమ్ అయిపోయింది, చీటీ కూడా పంపారు. మ్యాపు ఇక్కడే బల్ల మీద పెడుతున్నాను. బారా లోయ ఎక్కడో చూడాలనుకునేవాళ్లు ముందుకు రండి, ప్రశ్నలు అక్కడే మాట్లాడుకుందాం.